ఆడపిల్ల ఈడపిల్ల అయిన కథ

పొదుపు లెక్కలు, లింకేజీ పట్టికలు ముందు పేజీల్లో చూసే ఉంటారు. ఈ వ్యాసంలో లెక్కలు తక్కువ. మనం ఈ ఊళ్లకు ఎట్లా వచ్చినాం, వచ్చినాక ఈ ఊళ్లు మనవి ఎట్లా అయినాయి అనే సంగతి చెప్పుకోవాలని దీన్ని రాస్తున్నాం. ఇంకా మనవాళ్లు కాని కొందరు ఇప్పుడు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ల గురించి మహాజన సభలో మాట్లాడుకునే ముందు ఈ చరిత్ర అందరి చెవిన పడితే మంచిది.

మనవైపు ఒక మాట ఉంది. ఆడపిల్ల అంటే ఈడ పిల్ల కాదు, ఆడ పిల్లే అంటారు. పుట్టింట్లో ఉన్నన్ని రోజులూ "ఎప్పటికైనా పోయేదే కదా" అన్నారు. అత్తింటికి వచ్చినాక "బయటి నుంచి వచ్చింది కదా" అన్నారు. ఆడా కాక ఈడా కాక మధ్యలో నిలబడిన బతుకు మనది. మొదట్లో మన పేరుతో కూడా ఎవరూ పిలవలేదు. నందికొట్కూరు నుంచి వస్తే నందికొట్కూరామె, ఆత్మకూరు నుంచి వస్తే ఆత్మకూరామె. లేదంటే ఫలానావాళ్ల కోడలు, ఫలానావాని పెండ్లాము, పిల్లోడు పుట్టినాక ఫలానావాళ్లమ్మ. వదిలి వచ్చిన ఊరే మన పేరైంది గానీ, ఉంటున్న ఊరు మాత్రం మనది కాలేదు.

పెళ్లి కూడా వలసే

వలస అనగానే మనకు గుంటూరు మిరప కోతలో, హైదరాబాదు కట్టుబడి పనులో గుర్తుకొస్తాయి. పెళ్లి చేసుకుని ఊరు మారినదాన్ని వలస అని ఎవరూ అనరు. కానీ 2011 జనాభా లెక్కలు చూస్తే, దేశంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారినవాళ్లు 45 కోట్లకు పైనే ఉన్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్లు చెప్పిన మొదటి కారణం పెళ్లే. మగవాళ్లు పని కోసం పోతే ఊరంతా సాగనంపుతుంది, తిరిగి వస్తారని ఎదురు చూస్తుంది. ఆడపిల్లను పంపేటప్పుడు మాత్రం తిరిగి రావద్దనే దీవిస్తారు.

మేనరికాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ మారడం కొంత సులువుగా ఉండేది. అత్త మేనత్తే అయ్యేది. పండగలకు వచ్చిపోయిన ఇల్లే కాబట్టి వీధి తెలుసు, బావి తెలుసు, ఏ ఇంట్లో ఎవరు కోపిష్టో కూడా తెలుసు. మేనరికాలు తగ్గేకొద్దీ పిల్లలు దూరం ఊళ్లకు పోతున్నారు. దగ్గరి సంబంధాల వల్ల పుట్టే పిల్లల ఆరోగ్యానికి వచ్చే చిక్కులు తెలిసినాక ఇది తగ్గాల్సిందే, ఆ మాటలో తేడా లేదు. అయితే దాంతోపాటే కొత్త ఊర్లో తెలిసిన ముఖం ఒక్కటైనా ఉండే వీలు పోయింది. కొత్త కోడలికి ఊరు అంటే వంటిల్లు, పెరడు, నీళ్లకు పోయే దారి, అంతే. నలుగురు ఆడవాళ్లు కలిసే చోటంటే బావి గట్టు, తర్వాత బోరింగు. ఇంటింటికీ కుళాయి రావడం మేలే. కానీ బోరింగు దగ్గర కలిసే ఆ పది నిమిషాలు కూడా కొత్త కోడళ్లకు లేకుండా పోయినాయి.

ఆస్తి కాగితంలో మన చోటు

ఊరు మనది కావాలంటే ఆ ఊళ్లో మన పేరున ఏదో ఒకటి ఉండాలి. మనకు పుట్టింటి భూమిలో భాగం లేదు, మెట్టినింటి భూమి మగవాళ్ల పట్టాలో ఉండేది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. అప్పటికే అత్తింటికి వచ్చేసిన మనలో పెద్దవాళ్లందరూ ఆ గీతకు అవతలే మిగిలిపోయినారు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణలో పెళ్లి అనే అడ్డు లేకుండా పోయింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చట్టం ఉన్నా అడగడం తేలిక కాదు. వాటా అడిగితే అన్న గడప దూరమవుతుందని, పండక్కి చీర పెట్టే చెయ్యి ఉండదని భయం. అందుకే "నాకొద్దులే" అని సంతకం పెట్టి వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రెండు ఊళ్ల మధ్య ఆడది ఎందుకు నలుగుతుందో ఆ సంతకంలోనే తెలుస్తుంది.

ఊరే కదిలిపోయినప్పుడు

మన ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఊరు మారడం పెళ్లితోనే ఆగలేదు. ఊళ్లకు ఊళ్లే కదిలినాయి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినారు. కృష్ణకు అటు మహబూబ్‌నగర్ వైపు, ఇటు కర్నూలు వైపు కలిపి వందకు పైగా ఊళ్లు ముంపులో పోయినాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించినారు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. భూమికి భూమి ఇచ్చే చట్టం కాదది, డబ్బు కట్టిచ్చే చట్టం. ఆ డబ్బు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల చేతికి పోయింది. ఇల్లు అలికిన చేతికి, పెరట్లో చెట్టు పెంచిన చేతికి లెక్కలో చోటు లేదు.

ముంపు ఇళ్లకు ఒక్కో ఉద్యోగం ఇవ్వాలని 1986లో 98వ నెంబరు జీవో వచ్చింది. ఆ జీవో కింద ఉద్యోగం కోసం ఏండ్ల తరబడి తిరిగిన ఇళ్లు మన మండలాల చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. "మాది తొంభై ఎనిమిది జీవో ఇల్లు" అని చెప్పుకునేవాళ్లను మనం చూసినాం. ఊరు పోయినాక జీవో నెంబరే ఊరి పేరైంది.

గుళ్లకు దొరికిన చోటు కూడా మనుషులకు తొందరగా దొరకలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ కట్టినారు. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం నీళ్లలోనే ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు గుడి బయటపడుతుంది, జనం పోయి దండం పెట్టుకుని వస్తారు. ముంపు ఊళ్ల నుంచి వచ్చిన పెద్దమ్మలు ఆ నెలల కోసం ఎదురు చూస్తారు. గుడితోపాటు వాళ్ల వీధి గుర్తులూ తేలుతాయని వాళ్ల ఆశ.

కొత్తగా వచ్చి దిగిన చోట వాళ్లను "కాలనీవాళ్లు" అన్నారు. పాతూరివాళ్లు, కాలనీవాళ్లు అనే తేడా ఒక తరం దాకా నడిచింది. బీడు ఎవరిది, బోరింగు ఎవరిది, శ్మశానం ఎక్కడ అనే మూడు తగవులూ ఎక్కడ కాలనీ లేచినా వచ్చేవే. ఒక ఊర్లో మనిషికి చోటు దొరికిందా లేదా అనేది శ్మశానం దగ్గర తెలుస్తుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇంకోవైపు నీళ్లు వచ్చినచోటికి పోయినవాళ్లు ఉన్నారు. తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో మాగాణి లేచినప్పుడు కోస్తా జిల్లాల రైతులు పొలాలు కొనుక్కుని పోయి స్థిరపడినారు. వాళ్లుండే పల్లెలను ఈనాటికీ క్యాంపులనే అంటారు. క్యాంపు అంటే నాలుగు రోజులు ఉండి పోయే చోటు. మూడు తరాలు గడిచినా, పిల్లలు కన్నడంలో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నా, పేరు మాత్రం క్యాంపే. పిలిచే పేరు మారడం భూమి కొన్నంత తేలిక కాదు.

అంగడి ముందు నిలబడినప్పుడు

బయటి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఊరికి సొంతమనుషులైన చరిత్రలో నెల్లూరు జిల్లాను మరువకూడదు. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు కింద కోడళ్లు, అత్తలు ఒకేచోట కూర్చుని పలకలు పట్టినారు. ఇంటి పని తప్ప ఇంకో కారణంతో గడప దాటడం చాలామందికి అదే మొదలు. దూబగుంటలో ఆడవాళ్లు కలిసి సారా అంగడిని మూయించినారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథ చదువుకునే పుస్తకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని సడలించినారు.

నిషేధం నిలవలేదు గదా అనేవాళ్లున్నారు. నిజమే. అయితే మనం చూడాల్సింది ఇంకోటి ఉంది. సారా అంగడి ముందు నిలబడినవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరికి కోడళ్లు. అంగడి పాటదారుకు, పోలీసుకు, ఊరి పెద్దకు ఎదురుగా "ఇది మా ఊరు, ఇక్కడ అమ్మనివ్వం" అన్నారు. బయటి నుంచి వచ్చినామె నోట "మా ఊరు" అనే మాట అంత గట్టిగా వచ్చిన సందర్భాలు అంతకుముందు తక్కువ. సారాకు పోయే డబ్బును దాచుకుందామని అక్కడే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. పొదుపు లక్ష్మి అనే పేరు అట్లా పుట్టింది. కాబట్టి మన సంఘాలు బ్యాంకు గడపలోనే పుట్టలేదు, ఈ ఊరు మాది అని చెప్పిన నోళ్ల నుంచి కూడా పుట్టినాయి.

పాసుబుక్కు మీద పేరు

అంతకుముందే 1982లో కేంద్రం డ్వాక్రా పథకం తెచ్చింది. మొదట దేశంలో 50 జిల్లాల్లోనే ఉండేది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. బ్యాంకులు అప్పటిదాకా అడిగిన ప్రశ్నలు రెండే. నీ పేరున ఆస్తి ఉందా? నీకు జామీను ఎవరు? ఈ రెండూ ఊరు మారిన ఆడదాని దగ్గర ఉండవు. భూమి లేదు, పుట్టింటివాళ్లు దూరం. సంఘం వచ్చినాక పదిమంది ఒకరికొకరు జామీనైనారు. కొత్త ఊర్లో మనకు దొరికిన మొదటి బంధువులు వాళ్లే అంటే తప్పు లేదు.

1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ సహాయంతో సాప్ అనే పేదరిక నిర్మూలన కార్యక్రమం అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలతోపాటు మన కర్నూలు జిల్లాలో మొదలైంది. చిన్న సంఘాలు కలిసి గ్రామైక్య సంఘం, అవి కలిసి మండల సమాఖ్య అనే మెట్లు అక్కడే గట్టిపడినాయి. ఓర్వకల్లు అక్కచెల్లెళ్ల పని చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చినారు. అదే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సమాఖ్యలు తమ పేరున రిజిస్టరు చేసుకునే దారి దొరికింది. 2000లో సెర్ప్ ఏర్పడి, వెలుగు పథకం ముందు ఆరు జిల్లాల్లో, తర్వాత మిగతా జిల్లాల్లో నడిచింది.

పథకాల పేర్లు మారుతూ వచ్చినా మన సమావేశంలో ఒక పద్ధతి మారలేదు. ప్రార్థన అయినాక ప్రతి ఒక్కరూ లేచి తన పేరు తాను చెప్పాలి. ఇది ఈనాటి పిల్లలకు చిన్న సంగతిలాగా ఉంటుంది. ఫలానావాళ్ల కోడలిగా పదేండ్లు బతికిన మనిషి పదిమందిలో లేచి "నా పేరు ఇది" అని చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఒకరు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఒకరు భర్త పేరు చెప్పి కూర్చున్నారు. నాలుగైదు సమావేశాలు గడిచినాక గానీ పేర్లు బయటికి రాలేదు. తర్వాత అవే పేర్లు మినిట్స్ బుక్కులోకి, పాసుబుక్కు మీదికి వచ్చినాయి. బ్యాంకులో పేరు పెట్టి పిలిస్తే "నేనే సార్" అని ముందుకు పోవడం అట్లా అలవాటైంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఊరు కొత్తదైనామెకు వడ్డీ వ్యాపారి ఇచ్చే అప్పు మూడు రూపాయలకు తక్కువ పడదు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 రూపాయలు. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చినాక అదే నూటికి ఏడాదికి మూడు రూపాయలే పడింది. వ్యాపారి నెల వడ్డీ, సంఘం ఏడాది వడ్డీ ఒకటే అయినాయి. ఈ తేడా ముట్టినామె ఇంట్లో మాట చెల్లింది. ఇంట్లో మాట చెల్లినాక ఊర్లోనూ చెల్లింది. గ్రామైక్య సంఘం ఓబీలుగా చేసినవాళ్లు వార్డు మెంబర్లైనారు, సర్పంచులైనారు.

బయట మిగిలినవాళ్లు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన వీధుల్లో సంఘంలో లేని ఆడవాళ్లు ఎవరని చూసుకుంటే నాలుగు రకాలు కనబడతారు. ఒకరు కొత్త కోడళ్లు. ఇంటికి ఒకరే సభ్యురాలు అనే అలవాటు వల్ల అత్త సంఘంలో ఉంటే కోడలికి చోటుండదు. రెండో రకం, మెట్టినింటి నుంచి తిరిగొచ్చినవాళ్లు. పుట్టిన ఊరే అయినా ఆమెను ఊరు చుట్టంగానే చూస్తుంది. మూడో రకం, బతుకుతెరువు కోసం బయటి ప్రాంతాల నుంచి వచ్చి మన ఊళ్లలో ఉంటున్న ఇళ్లవాళ్లు. నాలుగోవాళ్లు, 2020లో లాక్‌డౌన్ అప్పుడు పట్నం నుంచి వచ్చి ఇక్కడే ఆగిపోయినవాళ్లు. ఆ ఏడాది మన రాష్ట్రంలో సంఘాల ఆడవాళ్లు మాస్కులు కుట్టినారు. కుట్టు బాగా వచ్చిన పట్నం ఆడవాళ్లు పక్కింట్లోనే ఉన్నా, సంఘంలో పేరు లేకపోతే ఆ పని వాళ్ల దాకా పోదు.

వీళ్లకు డబ్బు అవసరం రాకుండా ఉండదు. సంఘం ఇవ్వకపోతే ఇంకెవరో ఇస్తారు. వారానికొకసారి ఇంటి ముందుకొచ్చి వసూలు చేసే మైక్రోఫైనాన్స్ అప్పులు ఎంత దూరం పోయినాయో మన రాష్ట్రం చూసింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేయాల్సి వచ్చింది. సంఘంలో ఉన్నామె కూడా ఆ అప్పుల్లో పడింది, నిజమే. కానీ సంఘం లేనామెకు ఆ గడప ఒక్కటే ఉంది.

సభ్యుల అనుమానాలను కొట్టిపారేయలేం. మొదటిది, "నాలుగు రోజులుండి పోతే ఆమె అప్పు ఎవరు కట్టాలి?" అందరం జామీను కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి మన పద్ధతిలోనే జవాబుంది. సంఘం ఆరు నెలలు క్రమంగా నడిచినాకే బ్యాంకు లింకేజీకి చూస్తుంది. అదే లెక్క మనిషికీ పెట్టుకోవచ్చు. ఆరు నెలలు సమావేశానికి వచ్చి, పొదుపు కట్టి, చిన్న అంతర్గత అప్పు తీసుకుని తీర్చినామెను చూస్తే ఆమె ఏపాటిదో తెలిసిపోతుంది. ఆస్తి లేదు, జామీను లేదు, ఎక్కడినుంచో వచ్చినామె అని ఒకప్పుడు మన గురించీ అన్నారు. మనం నమ్మకం తెచ్చుకున్నది కట్టి చూపించే.

రెండోది పాత పొదుపు లెక్క. ఉదాహరణకు నెలకు 100 రూపాయల చొప్పున పదేండ్లు కట్టినామె వాటా 12,000 అవుతుంది, దాని మీద లాభం వేరే. కొత్తగా వచ్చినామె 100 రూపాయలతో చేరి అందులో సమానంగా భాగం పొందితే పాతవాళ్లకు అన్యాయం. అందుకని చేర్చుకోకపోవడం ఒక్కటే దారి కాదు. పొదుపు పుస్తకంలో ఎవరి ఖాతా వాళ్లకు రాసి, లాభం వాళ్ల వాళ్ల పొదుపును బట్టి పంచితే చిక్కు తీరుతుంది. వీలైనామె పాత వాటాను కంతుల్లో కట్టుకోవచ్చు. కొత్తవాళ్లు పదిమంది ఉన్నచోట కొత్త సంఘమే పెట్టవచ్చు. కానీ అందరూ కొత్తవాళ్లతోనే సంఘం పెడితే మళ్లీ పాతూరు, కాలనీ అనే తగవు మొదటికొస్తుంది. కనీసం ఇద్దరు పాతవాళ్లు ఆ సంఘంలో ఉంటే పుస్తకం రాయడమూ, ఊరి సంగతులూ రెండూ అందుతాయి.

మూడోది కాగితాలు. కొత్త కోడలి ఆధార్ పుట్టినూరి చిరునామాతో ఉంటుంది, రేషన్ కార్డులో పేరు అక్కడే ఉంటుంది. ఇది ఆమె సోమరితనం కాదు. ఎక్కడికి పోవాలో తెలియదు, తీసుకుపోయే మనిషి ఉండదు. గ్రామైక్య సంఘం నుంచి ఒకరు తోడుపోతే ఒకటి రెండు తిరుగుళ్లలో అయ్యే పని.

గ్రామైక్య సంఘాలకు మనవి

మహాజన సభ లోపల ప్రతి గ్రామైక్య సంఘం ఒక పని చేయాలని కార్యవర్గం కోరుతోంది. మీ ఊర్లో మూడేండ్ల లోపల వచ్చిన ఆడవాళ్ల జాబితా రాయండి. కోడలిగా వచ్చినా, తిరిగొచ్చినా, పని కోసం వచ్చినా అందరినీ రాయండి. ఫలానావాళ్ల కోడలు, ఫలానా ఊరామె అని రాయొద్దు, ఆమె పేరు అడిగి రాయండి. పక్కన ఆధార్ ఎక్కడుంది, బ్యాంకు ఖాతా ఉందా, ఏ పని వచ్చు అనే మూడు గడులు గీయండి. ఇంటికి ఒకరే అనే అలవాటు మీ ఊర్లో ఉంటే, దాన్ని ఉంచాలా తీసేయాలా అనేదాని మీద తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో రాసి పంపండి. చేర్చుకోలేం అనుకుంటే ఎందుకో అది కూడా రాయండి.

పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. మన సమావేశానికి ఒక కొత్త మనిషిని పిలిచి, చాప మీద చోటిచ్చి, ఆమె పేరు ఆమె చెప్పేదాకా ఆగడానికి ఏ పథకమూ అక్కర్లేదు. జాబితాలు వచ్చే సమావేశం రోజుకు సమాఖ్య ఆఫీసుకు చేరాలి.